మా వదిన ఒప్పుకోని రాజకుమారి

పాత కథను మార్చి రాసిన నవల ఏదైనా సరే, ముందు నాలుగు తిట్లు తిట్టకుండా మా వదిన దాన్ని ఎవరి చేతికీ ఇవ్వదు. ఇంట్లో అయితే సర్దుకుపోయేవాళ్ళం. ఆవిడ ఉద్యోగమే లైబ్రరీలో, హైస్కూలు పిల్లలకు పుస్తకాలివ్వడం. పక్క గదిలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే ఉద్యోగం నాది. ఆవిడ కోపంతో బల్లకేసి కొట్టినవే సగం నా దగ్గరికి వస్తాయి.

"ఏమయ్యా మరిదీ, ఈ ఘోరం చూశావా? అమ్మమ్మను మింగిన తోడేలు ఇందులో సేనాపతట! నీలికళ్ళ అందగాడట! మనవరాలు వాణ్ణి ప్రేమిస్తుందట!"

"కథే కదా వదినా."

"కథయితే? అమ్మమ్మను మింగినవాడితో పెళ్ళేమిటి? అడిగే దిక్కే లేదా ఆ ముసలమ్మకి?"

లేకపోవడమేం, మా వదిన ఉంది. ఒకరోజు ఓ కుర్రాడు, పాత కథలో పిల్లల్ని కాల్చుకు తినబోయిన మంత్రగత్తెనే మంచి నాయికగా మార్చిన నవల అడిగాడు.

"అంత మంచిదైతే పిల్లల్ని పొయ్యిలో ఎందుకు పెట్టబోయింది? వాళ్ళకి చలేస్తోందనా?"

"అది కాదండీ, ఆవిడ..."

"ఏది కాదు?"

ఎదుటివాళ్ళను మాట పూర్తి చెయ్యనివ్వదు. పాపం ఆ కుర్రాడు లెక్కల పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయేది. పిల్లలు పుస్తకం పట్టడమే గగనమైన రోజుల్లో, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళను తరిమేస్తారా ఎవరైనా? మా అన్నయ్యతో మొరపెట్టుకుంటే, "పెళ్ళయిన కొత్తలోనే నేను మాట పూర్తి చెయ్యడం మానేశానురా" అన్నాడు.

చివరికి ఫిర్యాదులు లైబ్రరీ పెద్ద సారుదాకా వెళ్ళాయి. వదినను పాత పేపర్ల గదికి మార్చాలనుకున్నారు. ముందు కళ్ళారా చూద్దామని ఒక మధ్యాహ్నం వచ్చి బల్ల పక్కన కూర్చున్నారు.

"ఈ ఒక్క పూటా నోరు కట్టేసుకో వదినా. ఆ గదిలో తిట్టడానికి మనుషులు కూడా ఉండరు" అని బతిమాలాను. సరేనంది.

అంతలో ఒక అమ్మాయి వాళ్ళమ్మతో వచ్చి, చదివేసిన నవల బల్ల మీద పెట్టింది. వందేళ్ళు నిద్రపోయిన రాజకుమారి కథే. ఇందులో మాత్రం ఆవిడ నిద్ర నటిస్తూ శత్రువుల రహస్యాలు వింటుంది. వదిన నాకిచ్చిన మాట గాలికి పోయింది.

"వందేళ్ళు మంచం దిగలేదు, ఒట్టి సోమరిపోతు! దానికో కిరీటం!"

అమ్మాయి ముఖం కందిపోయింది. "కా... కాదు. తను ని... ని..."

ఆ పిల్లకు నత్తి. మాట గొంతులోనే ఆగిపోయింది. వదిన కదలకుండా చూస్తూ కూర్చుంది. పెద్ద సారుకు జాలేసింది.

"నిద్రపోలేదంటావు, అంతేనా అమ్మా?"

బల్ల దద్దరిల్లింది. "ఆ మాట ఆ అమ్మాయిదండీ! అందించడానికి మీరెవరు? చెప్పడానికి తనకి తొందర లేదు, వినడానికి నాకు తొందర లేదు. మధ్యలో మీకేం తొందర?"

నేను తల పట్టుకున్నాను. పేపర్ల గది ఖాయం.

"ని... నిద్రపోలేదు" అంది అమ్మాయి. ఆ రాజకుమారి కళ్ళెందుకు మూసుకుందో, ఎవరెవరిని కాపాడిందో ఆగి ఆగి అంతా చెప్పింది. చాలాసేపు పట్టింది. వదిన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మా అన్నయ్య ఇన్నేళ్ళ కాపురంలో అంత అదృష్టానికి నోచుకోలేదు.

సారు తల్లివైపు తిరిగారు. "మీరూ ఫిర్యాదు చెయ్యడానికేనా వచ్చింది?"

"అవునండీ. స్కూల్లో నోరు విప్పని పిల్ల, ఈవిడతో దెబ్బలాడాలని ఇంట్లో అద్దం ముందు నిలబడి గట్టిగా మాట్లాడుతోంది. ఇప్పుడు ఈవిణ్ణి మార్చేస్తారట. అదే మా ఫిర్యాదు."

సారు గొంతు సవరించుకున్నారు. ఇంకెవరినీ ఎక్కడికీ మార్చడం లేదన్నారు. అమ్మాయి బీరువాల వైపు వెళ్ళాక మెల్లిగా అడిగారు: "ఆ నవల నిజంగా అంత చెడ్డదా?"

వదిన అటూ ఇటూ చూసింది. "బంగారంలాంటి పుస్తకం. ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. ఆ పిల్లతో అన్నారంటే మాత్రం ఊరుకోను."

అంతలో అమ్మాయి ఇంకో లావుపాటి నవల తెచ్చి బల్ల మీద పెట్టింది. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఊఁ, ఇ... ఇప్పుడు దీన్ని తిట్టండి."