రాయబారి గారి జేబురుమాలు

మైకు కనిపిస్తే చాలు, రాయబారి గారు దాని మీద జేబురుమాలు కప్పేసేవారు. పాపం, ఆ భయం ఊరికే పట్టుకోలేదు. అంతర్జాతీయ సభలో ఆయన చిన్న ఉద్యోగిగా ఉన్న రోజుల్లో, అప్పటి రాయబారి మైకు ఆపడం మరిచి దేశాధినేతను ముసలి గాడిద అన్నాడు. అన్నది ఈయనే అని రాజధానికి కబురంపి చేతులు దులుపుకున్నాడు. ఈయన్ని తీసుకెళ్లి పాత కాగితాల గోదాములో పడేశారు. ఆ ఘనుడి ఫొటో మాత్రం కార్యాలయం గోడ మీద, మాజీ రాయబారుల వరసలో, అందరికంటే పెద్ద చట్రంలో ఇప్పటికీ నవ్వుతోంది.

దేశాధినేతలు మారారు, రాయబారులు మారారు, మారి మారి చివరికి కుర్చీ ఈయనకే దక్కింది. భయం మారలేదు. ఇంట్లో భోజనాల బల్ల మీదా అదే రుమాలు.

"ఏవండీ, అది మిరియాల డబ్బా!" అనేది భార్య.

"చిల్లులున్నాయి కదే!" అనేవారు గుసగుసగా.

ఇది తలుచుకుంటేనే ఆయన కార్యదర్శికి నవ్వాగేది కాదు. ఈమధ్య మాత్రం ఆ నవ్వు రావడం మానేసింది. రాజధానిలో కొత్త పెద్దాయన గద్దెనెక్కాడు. నోరు జారినవాళ్లు ఇళ్లకు చేరడం లేదు. ఆమె తల్లీ తమ్ముడూ అక్కడే ఉన్నారు.

సభలో ఓ తీర్మానం మీద ఓటింగు రోజు పొద్దున "అవును అనండి" అని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నం "కాదు అనండి" అన్నారు. సభ మొదలయ్యాక మళ్లీ "అవును". రాయబారి గారి పక్కనే కూర్చున్న కార్యదర్శి ఫోన్ పెట్టేసి విసుక్కుంది.

"పెద్దాయనకి మతిగానీ పోయిందా!"

సరిగ్గా అప్పుడే రాయబారి గారు ముక్కు చీదుకుంటున్నారు. రుమాలు లేని మైకు మీద ఎర్రదీపం వెలుగుతోంది. దుబాసీలు ఆ మాటను అన్ని భాషల్లోకీ శ్రద్ధగా దించేశారు.

హాలంతా వీళ్ల వైపు తిరిగింది. వీళ్లిద్దరి మీదా కన్నేసి ఉంచడానికి రాజధాని పంపిన మనిషి వెనక కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఎవరన్నారు?"

రాయబారి గారు మైకును రెండు చేతులా పట్టుకున్నారు, పామును పట్టుకున్నట్టు.

"నేనే," అన్నారు కీచుగొంతుతో.

"అది ఆడగొంతు!"

"భయమేస్తే నా గొంతు ఇంతే నాయనా. కావాలంటే విను. పెద్దాయనకి మతిగానీ పోయిందా! అదే కదూ?"

దుబాసీలు దాన్నీ దించేశారు. హాలు పగలబడి నవ్వింది. రెండోసారి కళ్లముందే అన్నవాణ్ణి వదిలేసి, మొదటిసారి అన్నదెవరని వెతికే ఓపిక ఎవరికుంటుంది?

ఆయన్ని వెనక్కి పిలిచారు. విమానాశ్రయంలో ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

"మిమ్మల్నేం చేస్తారో సార్!"

"గోదాముకే పంపుతారట. ప్రపంచమంతా ఎవణ్ణి చూసి నవ్విందో వాణ్ణి మాయం చేస్తే బాగోదట."

ఆయన అటూ ఇటూ చూశారు. రుమాలు తీసి ఆమె కోటు గుండీ మీద కప్పి, గుసగుసగా అన్నారు:

"అది సరేగానీ అమ్మాయ్, నీ గొంతు బాగానే అనుకరించాను కదూ?"