గాజుల పాట దొరకని సెర్చ్

జగ్గయ్యపేటలో మా చుట్టుపక్కల ఆడవాళ్లు పేరంటాల్లో పాడే పాటలన్నీ రాసి నా వెబ్‌సైట్‌లో పెడుతూ వచ్చాను. ఈ పాటలకు పేర్లుండవు. అందుకని ఎవరి నోట విన్నానో వాళ్లకు దణ్ణం పెట్టుకున్నట్టు, 'పెద్దమ్మ ఇచ్చిన పాట', 'పాలావిడ ఇచ్చిన పాట' అని పైన రాసేదాన్ని. పాటలు రెండు వందలు దాటాక ఏది ఎక్కడుందో నాకే తెలియకుండా పోయింది. సెర్చ్ పెట్టించడానికి నందిగామలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఒకాయన దగ్గరకు వెళ్లాను.

ఆయన వేళ్లకు మూడు ఉంగరాలు. మౌస్ కదిపినంతసేపూ మనం వాటినే చూడాలి. "ఇవన్నీ ఎవరు చదువుతారు మేడం?" అంటూనే అరగంటలో పని అయిందనిపించాడు. 'పాట' అని కొట్టి చూపించాడు. అన్నీ వచ్చాయి. తానే కట్టిన పాటలన్నంత సంబరపడ్డాడు.

వారం తిరక్కుండా ముక్త్యాల నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. మర్నాడు మనవరాలికి సీమంతం. గాజులు తొడిగేటప్పుడు పెద్దమ్మ వాళ్లమ్మ పాడే పాట, ఆవిడకు మొదటి చరణం దాటి గుర్తురావడం లేదు. నా వెబ్‌సైట్‌లో 'గాజులు' అని కొడితే ఏమీ దొరకలేదని వచ్చింది.

"నా పాట తీసేశావుటే?"

"ఉంది పెద్దమ్మా."

"ఉంటే కనపడదేం? మా అమ్మ పాట నీ చేతిలో పెట్టి నేను మర్చిపోయా చూడు, నాదీ ఒక బుద్ధేనా."

ఉంగరాలాయన్ని అడిగితే తేలింది. ఆ సెర్చ్ పైన రాసిన పేర్లే చూస్తుంది, లోపలి పాట చూడదు.

"తప్పు మీ టైటిల్స్‌ది మేడం. ఆ పెద్దమ్మల్నీ పాలావిడల్నీ తీసేసి పద్ధతిగా పేర్లు పెట్టండి, దొరుకుద్ది."

గుమ్మం మీది పేరు చదివి ఇల్లంతా వెతికానని చెప్పే మనిషి నాకు పద్ధతి నేర్పుతున్నాడు. నేను బడి మొహం చూడలేదు. నాన్నగారే వసారాలో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పుస్తకం తెరవకుండా అర్థం చెప్పడం ఆ చదువులో కుదిరేది కాదు. ఆ భాగ్యానికి దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

పాట ఫోన్లో చదివి వినిపించవచ్చు. కానీ తన పాట అక్కడ భద్రంగా ఉందని పెద్దమ్మ తన కళ్లతో చూడాలి. మధ్యాహ్నం దేవుడి దగ్గర దీపం వెలిగించి కూర్చున్నాను. ఈ పేజీలు కట్టడం నేర్చుకున్నట్టే, వీడియో చూస్తూ, ఆపుతూ, ప్రతి పాటలో ప్రతి మాటా వెతికేలా రాసుకున్నాను. పొద్దుగూకేలోపు కుదిరింది. అంత గొప్ప విద్యేమీ కాదు. లోపలికి చూడాలన్న బుద్ధి ఉంటే చాలు.

"మళ్లీ కొట్టు పెద్దమ్మా."

ఫోన్లో అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ 'గాజులు' అని కొట్టింది.

"వచ్చిందే. పైన నన్నే రాశావు," అంది. ఆ తర్వాత, చదువుతుంటే గుర్తొచ్చి, "మూడో చరణం తప్పు రాశావు," అని సరైనది పాడి వినిపించింది.

దిద్దుకున్నాను. దిద్దించుకోవడానికి నాకు నామోషీ లేదు. వేళ్లకు ఉంగరాలుంటే ఉండేదేమో.