మస్తానన్న మోచేతి మచ్చ

రోజూ పొద్దున్నే డీజిల్ ఫిల్టర్ అడుగునున్న మరను కాస్త వదులు చేసి, కారినదాన్ని గాజు సీసాలో పట్టి ఎండకు ఎత్తి నీళ్ళున్నాయేమో చూస్తాను. ఆ వాసన ముక్కుకు తగలగానే వెంకటాచలం దగ్గర హైవే పక్కనున్న రేకుల షెడ్డు, స్పానర్ల మధ్య మజ్జిగ చెంబు పెట్టుకుని కూర్చున్న మస్తానన్న గుర్తుకొస్తారు. పడవ ఇంజన్లతో మొదలుపెట్టి మా పికప్ బండ్ల దాకా వచ్చిన మెకానిక్ ఆయన. నా పికప్ నా పెళ్ళికన్నా పాతది. రెండింట్లో ఏది ఎక్కువ మొరాయించిందో ఇంట్లో వినేవాళ్ళుండగా చెప్పలేను. మస్తానన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం వినేవారు. నా నోరు మూయించడానికే దాన్ని కొన్నారని నా అనుమానం. ఆయన ఆన ఒక్కటే: పడవల డ్రముల్లోని డీజిల్ బండిలో పోయకూడదు. వాటిలోకి వాననీళ్ళు దిగుతాయి.

ఆ ఏడు మే నెలలో మా అక్క రొయ్యల పంట నా బండికెక్కింది. అంతకుముందు రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాయి. "ఇది కూడా పోతే రొయ్యల గుంటలు వదిలేస్తాం రా" అంటూ అక్క నా పక్కనే కూర్చుంది. షెడ్డు ఇంకో మైలుందనగా, మిట్టమధ్యాహ్నం బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. కబురు పెడితే మస్తానన్న మోపెడ్ మీద వచ్చారు.

"ఏమైంది అబ్బయా?"

"ఏం చెప్పేదన్నా! ఏనుగంత దున్నపోతు అడ్డమొచ్చింది. తప్పించబోతే బండి గాల్లోకి లేచి రాయి మీద పడింది. అడుగున ఏదో పగిలినట్టుంది."

"ఏనుగంతా?"

"కొమ్ములే బారెడు!"

అక్క నా వైపు ఒక చూపు చూసింది. అసలు జరిగింది వేరు. బంకు దాకా పోవడానికి బద్ధకించి, పొద్దున ఒడ్డునున్న స్నేహితుడి పడవ డ్రములోంచి ఒక క్యాను డీజిల్ పోశాను. మస్తానన్న నన్ను నమ్మారు. కాలుతున్న తారు మీద గోనెసంచి పరిచి, ఆ వయసులో బండి కిందికి దూరి, ఒక్కో పైపూ తడుముతూ పగులు కోసం వెతికారు. బండి వెనక నుంచి రొయ్యల మీది ఐసు కరిగి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"రొయ్యలు మెత్తబడతా ఉండాయి రా" అంది అక్క.

అంతలో బండి కింద నుంచి "హబ్బా!" అని అరుపు. మస్తానన్న బయటికొచ్చారు. సైలెన్సర్ తగిలి మోచెయ్యి తోలు లేచిపోయి ఉంది.

నేను ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాను. "అన్నా, దున్నపోతు లేదు."

"మరి?"

"పడవ డ్రములో డీజిల్ పోసినా."

ఆయన లేచి బానెట్ ఎత్తారు. ఫిల్టర్ మర విప్పి సీసాలో పట్టారు. అడుగున నీళ్ళు, పైన డీజిల్. ట్యాంకు ఖాళీ చేసి, షెడ్డు నుంచి మంచి డీజిల్ తెప్పించి పోశారు. "చాలనేదాకా కొట్టు" అని పైపుల్లో గాలి తీసే హ్యాండ్ పంపు నాకు అప్పగించారు. గాలి బుడగలు ఆగాక బండి తెల్లపొగ కక్కి అందుకుంది.

"తిట్టన్నా" అన్నాను.

"ఊరందరికీ చెప్పుకో, వినేదానికి బాగుంటది. నా కాడ మాత్రం జరిగింది చెప్పు సామీ. అబద్ధం నువ్వు చెప్తే, బండి కింద పండుకునేది నేను గదా."

రొయ్యలు దక్కాయి. అక్క ఇప్పటికీ గుంటలు చేస్తోంది. ఆ కథను నేను ముప్పై రకాలుగా చెప్పాను. ఒకదాంట్లో రొయ్యలే దిగి బండిని తోశాయి. ఏ రకంలోనూ ఆ మోచెయ్యి మాత్రం రానివ్వలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. ఆ మచ్చ చివరిదాకా ఆయన చేతి మీదే ఉంది. పోయిన వానాకాలం మస్తానన్న వెళ్ళిపోయారు.

మొన్న కృష్ణపట్నం దారిలో బండి మొరాయించింది. కొత్త మెకానిక్ చొక్కా చేతులు మడుచుకుంటూ "ఏమైందన్నా?" అని అడిగాడు. దున్నపోతు కొమ్ములతో సహా నాలుక చివరిదాకా వచ్చింది. అతని మోచెయ్యి వైపు చూశాను. నున్నగా ఉంది.

"రెండు రోజులుగా నల్లపొగ వస్తా ఉంటే చూడనట్టే తోలినా. ఎయిర్ ఫిల్టర్ దులిపి ఆరు నెలలైంది. తప్పు నాదే" అన్నాను.

అతను బండి కిందికి దూరలేదు. నేరుగా బానెట్ ఎత్తాడు.