గద్దీ మీద నిలబడ్డ శేషమ్మ

పండరీ బట్టల బజారులో హోల్‌సేల్ చీరల కొట్టంటే ముందు కనిపించేది తెల్లటి పరుపు. దాన్ని గద్దీ అంటారు. అమ్మేవాళ్ళు దానిమీద బాసింపట్టు వేసుకుని మాత్రమే చీరలు చూపించాలి. గద్దీ మీద నిలబడితే లక్ష్మిని తన్ని తరిమినట్టేనని కొట్టు యజమాని సేఠ్ నమ్మకం. ఆ కొట్లో చీరలమ్మే శేషమ్మ పుష్కరకాలం అలాగే కూర్చుంది. ఆ తర్వాత ఆమె వల్ల కాలేదు.

కూర్చుంటే చాలు, కాళ్ళ సందున నిప్పు పెట్టినట్టు మంట. లేచి నిలబడితే తగ్గేది. ఒక డాక్టరు మొలలన్నారు, ఇంకొకరు గర్భసంచి తీసేద్దామన్నారు. ఉర్లా ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు భీమారావు, "ఆ సోటు సంగతి ఎవులితోనైనా అంటావేటే? సిగ్గు నేదేటి?" అని కసిరాడు. నొప్పి ఈవిడది, సిగ్గేమో ఆయనకట! శేషమ్మ పళ్ళు బిగించి, పళ్ళతోపాటు కిందంతా బిగబట్టి రోజులు నెట్టుకొచ్చింది.

చివరికి రైల్వే కాలనీలో ఫిజియోథెరపీ చేసే రజని పరీక్షించి చెప్పింది.

"కటి అడుగున నరం నలిగిపోతోందక్కా. మీరు బిగబట్టేకొద్దీ కండరాలు దాన్ని ఇంకా నొక్కుతున్నాయి. వదలడం నేర్చుకోవాలి. కొన్నాళ్ళు కూర్చోవద్దు."

వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పొట్టనిండా ఊపిరి పీల్చి, కిందిభాగాన్ని మెల్లగా సడలించడం నేర్పింది. ఇన్నాళ్ళూ ఓర్పనుకున్నదే తన కొంప ముంచిందని తెలిసి శేషమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇక ఓర్చుకునేది లేదు!

మర్నాడు గద్దీ మీద నిలబడే, చీర భుజాన వేసుకుని చూపించింది. గల్లాపెట్టె దగ్గర ఒక పిర్ర మీంచి ఇంకో పిర్ర మీదికి ఒరుగుతూ కూర్చున్న సేఠ్ మండిపడ్డాడు.

"బైఠో! లేదంటే ఇంటికి పో."

ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా తన హిందీలో కొట్టంతా వినేలా చెప్పింది. "కూర్చోను సేఠ్‌జీ. కాళ్ళ మధ్యన నరం నలిగి మండుతోంది. మొలలు కావు, రోగిష్టి వేషాలూ కావు. వైద్యం చేయించుకుంటున్నాను. నిలబడే అమ్ముతాను."

మందిర్ హసౌద్ నుంచి సరుకు కొనడానికొచ్చిన కొట్టుగలామె, "ఇలాగైతేనే చీర అందం తెలుస్తోంది, ఇంకోటి చూపించు," అంది. బేరం చూసి సేఠ్ మళ్ళీ గల్లాపెట్టె వైపు తిరిగాడు.

సాయంత్రం షట్టరు దించేవేళ ఆయన పక్కకొచ్చి గుసగుసలాడాడు.

"ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుంది?"

"ఎవరికి సేఠ్‌జీ?"

ఆయన అటూ ఇటూ చూశాడు. పనివాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"గట్టిగా చెప్పండి. నేను చెప్పలేదా?"

సేఠ్ మొహం కందగడ్డయింది. "నాకే! నాకూ అక్కడే మంట!" అని అరిచాడు.

అప్పుడిచ్చింది చిరునామా.