కాయల కొట్టులో కథల బస్తా

పిల్లలకి కథల పుస్తకం ఎప్పుడు కావాలి? బడి లేనప్పుడు. బడి ఎప్పుడుండదు? ఎండాకాలంలో. మరి చాట్రాయి దగ్గరి ఆ ఊళ్లో లైబ్రరీ ఎప్పుడు మూసేసేవారు? సరిగ్గా ఎండాకాలంలోనే. లైబ్రరీకి గది ఇచ్చిన రాఘవయ్య మామిడికాయల వ్యాపారి. ఏడాది పొడుగునా అద్దె మాటెత్తడు, ధర్మాత్ముడే. బంగినపల్లి కోతకొచ్చిందంటే మాత్రం ఆ గది ఆయనకి కాయల కొట్టుగా కావాలి. గడ్డి పరిచి కాయ మాగబెట్టుకోవాలి.

అప్పుడు కోటేశ్వరరావు బీరువాలో పుస్తకాలు దించి, గోనెసంచుల్లో కుక్కి ఓ మూలకి జరుపుతాడు. ఆ లైబ్రరీకి ఆఫీసరూ ఆయనే, బంట్రోతూ ఆయనే, చీపురు పట్టేదీ ఆయనే. యాభై దాటాయి, మోకాళ్లు మాట వినడం మానేశాయి. అయినా పిల్లల పుస్తకాలు ఒక బస్తాలో వేసి, సైకిలు వెనక కట్టుకుని, వడగాలిలో తోట తోటకీ తిరుగుతాడు. కాపలా పాకల దగ్గర ఆగి, "చదవండర్రా, బాగుపడతారు" అంటాడు. చిరిగినవి అంటిస్తాడు, ఊడినవి కుడతాడు. తను మాత్రం వాటిలో ఒక్క కథా చదివి ఎరగడు. తీరికేదీ? అయినా వడ్డించేవాడు విస్తరి ముందు కూర్చుంటాడా అని ఆయన వాదన.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తోటల నుంచి తిరిగొచ్చేసరికి ఆయనకి కళ్లు తిరిగాయి. బస్తా కాయల కొట్టు గుమ్మం పక్కన దించి, ఇంటికెళ్లి మంచమెక్కాడు. అదే గుమ్మం పక్కన, గంపల అడుగున పరచడానికి నూజివీడు నుంచి తెప్పించిన పాతకాగితాల బస్తాలున్నాయి. కాయలు సర్దే ఆడవాళ్లకి ఏ బస్తా అయినా ఒకటే. బయట లారీ వాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా ఉంటే ఎవరు మాత్రం చూస్తారు? చించారు, పరిచారు, గడ్డేశారు, కాయలు పేర్చి గంపలు కుట్టేశారు. కథలన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయాయి.

జ్వరం తగ్గి వచ్చిన కోటేశ్వరరావుకి ఖాళీ గోనెసంచి కనిపించింది. దాన్ని మడత పెట్టి, దాని మీదే కూర్చున్నాడు.

"పొరపాటైపోయిందండీ. పోయినవి పిల్లల పుస్తకాలేగా? పెద్దవన్నీ భద్రంగా ఉన్నాయి చూడండి" అన్నాడు రాఘవయ్య, ఓదార్పుగా.

"ఉంటాయండీ. వాటినెవరూ ముట్టుకోరుగా. రేపొచ్చి తాళం మీకిచ్చేస్తాను. ఏడాదంతా కాయలే పెట్టుకోండి. నావల్ల కాదిక."

ఆయనకి కోపం కూడా రాలేదు. కోపానికైనా ఒంట్లో ఓపికుండాలి కదా. ఇన్నేళ్లు తొక్కిందంతా నిలబెట్టిన సైకిలు తొక్కినట్టే అనిపించింది.

లేచి వెళ్లబోతుంటే కాయలు సర్దే జోజమ్మ అడ్డమొచ్చింది. వెనకాల ఆమె కూతురు లేయా. ఆ పిల్ల చేతిలో వెనక సగం చిరిగిపోయిన పుస్తకం ఉంది.

"మేమే చించామండీ మాస్టారూ, తెలీక. ఇదొక్కటీ ఈ పిల్ల గంపలోంచి లాక్కుంది. అప్పట్నుంచీ నన్ను నిద్రపోనిస్తే ఒట్టు."

లేయాకి క్షమాపణలతో పనిలేదు. "మాస్టారండీ, బరువు మొయ్యలేనని రాజుగారితో చెప్పుకోడానికి గాడిద కోటకి పోయింది. గుమ్మం దగ్గర భటులు ఆపేశారు. తర్వాత కాయితాల్లేవు. తర్వాతేమైంది?"

కోటేశ్వరరావు నోటికొచ్చింది చెప్పాడు. "ఏముందీ... భటులు తన్ని తరిమేశారు. గాడిద ఇంటికొచ్చి మళ్లీ బరువు మోసుకుంది."

లేయా ఆయన మొహంలోకి తేరిపార చూసింది. "అట్టా ఉండదండీ. మీరు చదవలేదు."

జోజమ్మ కూతురి నెత్తిన ఒక్కటిచ్చింది. కోటేశ్వరరావు మాత్రం తల దించుకున్నాడు. అందరికీ చదవమని చెప్పీ చెప్పీ గొంతు అరిగింది గానీ, ఈ మాట తనతో అన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

"లేదమ్మా. చదవలేదు."

"అయితే చదివి రండి" అంది లేయా.

మర్నాడు తాళం జేబులో వేసుకునే బయల్దేరాడు. కానీ సైకిలు కొట్టు వైపు తిప్పలేదు. విస్సన్నపేట లైబ్రరీలో అదే పుస్తకం దొరుకుతుందేమోనని అటు పోయాడు. దొరికింది. తిరుగుదారిలో మోకాళ్లు మొరాయిస్తే ఓ తోటలో దిగి, నీడన కూర్చుని పుస్తకం తెరిచాడు. పిల్లల కథే కదా అనుకున్నవాడు, గాడిద వీపు మీద పుండు దగ్గరికొచ్చేసరికి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. తన సంగతి ఎవరో తెలిసినవాళ్లే రాసినట్టుంది. కోట గుమ్మం దాకా చదివాడు. తర్వాతి పేజీ తిప్పబోయి, ఎందుకో ఆగి, పుస్తకం మూసి సైకిలెక్కాడు.

కొట్టు దగ్గర రాఘవయ్య ఎదురొచ్చాడు. "తాళం తెచ్చారా?"

"తెచ్చానండీ. ఇవ్వను."

రాఘవయ్య నోరు తెరిచేలోగా లేయా పరిగెత్తుకొచ్చింది. "చదివారా?"

"గుమ్మం దాకా చదివా. లోపలికి ఒక్కణ్నే పోబుద్ధి కాలేదు. నువ్వు చదువు, నేను వింటా."

లేయా పుస్తకం అందుకుంది. కాయలు సర్దే చేతులు నెమ్మదించాయి. కోటేశ్వరరావు ఖాళీ గోనెసంచి పరుచుకుని, గోడకి వీపు ఆనించి, నొప్పెడుతున్న కాళ్లు చాపుకున్నాడు. లేయా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే, గాడిద కోట గుమ్మం దాటింది.