పలక మీద పడవ తాతగారి పేరు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప ఆ చివర చిరిగింది, ఇటు రండి. ఆ రోజుల్లో మా కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళలో మనుషులకు అసలు పేర్లున్నాయన్న సంగతి ప్రభుత్వం అడిగితే తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. బూరెల పిన్ని, చెముడు బాబాయి, రేడియో అత్తయ్య, అంతే. ఇక మొగుడి పేరంటారా, అది ఆడది నోటితో అనకూడదు, అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుంది. (ఆయన పోయాక కూడా అనకూడదు. ఇంకేం తగ్గుతుందని అడిగితే మా అమ్మ నెత్తిన మొట్టింది.) ఈ పద్ధతి ధర్మమా అని, అయిదో తరగతితో బడి మానేసిన నేను, మా పక్కింటి మామ్మకు రావలసిన ఇల్లు ఇంచుమించు పోగొట్టినంత పని చేశాను.

మామ్మ తాటాకింట్లో ఒక్కతే ఉండేది. ఆవిడ భర్త గోదావరి మీద పడవ నడిపేవాడట. నేను పుట్టకముందే పోయాడు. ఊరంతా ఆయన్ని పడవ తాతగారనే చెప్పుకునేవారు. శనివారాలు ఆడవాళ్ళం కలిసి వాడపల్లి వెళ్ళేవాళ్ళం. గుడి కనబడగానే అందరూ 'ఏడుకొండలవాడా, వెంకటరమణా' అని గొంతెత్తితే, మామ్మ మొదటి సగం నోరు మూసుకుని, రెండో సగం దగ్గర అందుకునేది. పాపం ముసలిది, ఆయాసం అనుకునేదాన్ని.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. గాలి ఆగాక బయటికొచ్చి చూస్తే కొబ్బరిచెట్లన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపు పడుకుని ఉన్నాయి. వాటిలో రెండు మామ్మ ఇంటి మీద పడుకున్నాయి. ఆవిడ తడిసిన చాప చుట్టుకుని మా వసారాలోకి వచ్చేసింది. కూలిన ఇళ్ళవాళ్ళకు పక్కా ఇళ్ళు ఇస్తారన్నారు. అందుకు ఇంటిముందు నిలబడి, తన పేరూ భర్త పేరూ రాసిన పలక పట్టుకుని ఫోటో దిగాలి. "మా పిల్ల ముగ్గేస్తే అచ్చు గుద్దినట్టుంటదండి, రాతా అంతే," అని మా అమ్మ మునసబుగారికి నన్ను అప్పజెప్పింది. (మునసబు ఉద్యోగం ఎప్పుడో తీసేశారు. పిలుపు తీసెయ్యడం ఎవరి వల్లా కాలేదు.)

సుద్దముక్క పట్టుకుని నేను కలెక్టరులా తిరిగాను. మామ్మ దగ్గరికొచ్చేసరికి పని ఆగింది.

"తాతగారి పేరేంటి మామ్మా?"

"ఎలా చెప్పనే అమ్మడూ? వాడపల్లి స్వామి పేరే. రాసుకో."

ఇంత తేలికైనదానికి అంత సిగ్గెందుకనుకుంటూ 'భర్త: వెంకటేశ్వర్లు' అని గుండ్రంగా రాశాను. కొత్తపేట నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరుకు పెళ్ళిళ్ళు తీసే అలవాటు, అందుకే ఆయన్ని నవ్వండి మావయ్య అనేవాళ్ళం. ఆ పూటా అలవాటుకొద్దీ, "కొంచెం నవ్వండి మామ్మగారూ," అన్నాడు.

"ఇల్లు కూలిపోయింది, ఏం చూసి నవ్వనయ్యా?" అంది మామ్మ. ఫోటో అలాగే పడింది.

పది రోజులకు మునసబుగారు పంచాయతీ అరుగు మీద జాబితా చదివారు. మామ్మ పేరు దగ్గర ఆగి, "భర్త వెంకటేశ్వర్లు," అనగానే ఊరు ఊరంతా పోస్టుమేన్ వైపు తిరిగింది. మా ఊళ్ళో ఆ పేరు ఆయన ఒక్కడికే ఉంది. వయసు పాతికేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. "నాకేం తెలీదండి బాబూ," అంటూ సైకిలు దిగిపోయాడు పాపం.

మునసబుగారు కళ్ళజోడు తీశారు. "ఇంటి పన్ను పుస్తకంలో ఆ పేరు లేదు మామ్మగారూ. రేషను కార్డా, నీళ్ళలో ముద్దయిపోయిందంటున్నారు. మీ ఆయన అసలు పేరు చెప్పండి, వెతుకుతాను. రేపు పొద్దున్నే ఫైలు అమలాపురం వెళ్ళిపోద్ది."

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇల్లు రాకపోతే మానె. ఆ మాట నన్ను అడక్కండి బాబూ."

చదువు లేదు గానీ నాకు జ్ఞాపకం మహా గట్టిది. వాడపల్లి దారీ, మామ్మ మూసుకున్న నోరూ కళ్ళముందు కనబడ్డాయి. ఆవిడకు ఏ శనివారమూ ఆయాసం రాలేదు.

"ఏడుకొండలండీ," అన్నాను.

మామ్మ కొంగు ముఖమంతా కప్పేసుకుంది. అంతకు మించిన సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. పన్ను పుస్తకంలో పేరూ దొరికింది. "ఫోటో మాత్రం మళ్ళీ కావాలి. సాయంత్రంలోగా," అన్నారు మునసబుగారు.

పలక చంకలో పెట్టుకుని, దారికి అడ్డంపడ్డ మానులు ఎక్కి దిగుతూ కొత్తపేట చేరాను. నవ్వండి మావయ్య స్టూడియోలో నీళ్ళు వచ్చిపోయాయి. పెళ్ళికూతుళ్ళు, అన్నప్రాసన పిల్లలు, షష్టిపూర్తి దంపతులు, అంతా బట్టల దండెం మీద వరసగా వేలాడి ఆరుతున్నారు.

"ఒక్క ఫోటోకి అంత దూరం ఎక్కడొస్తానమ్మాయ్? ఇయ్యన్నీ ఎండొద్దా?"

"తప్పు నాదండి మావయ్యగారూ. మీరు లేచేదాకా ఇక్కడే కూర్చుంటాను," అని గుమ్మంలో బైఠాయించాను. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళడానికి నన్ను దాటాల్సి వచ్చింది. దాటలేక కెమెరా తీశాడు.

మామ్మను మళ్ళీ కూలిన ఇంటిముందు నిలబెట్టి, పలక తుడిచి సరైన పేరు రాసి చేతికిచ్చాను. ఆవిడకు అక్షరాలు రావు. చాలాసేపు చూసింది.

"ఇదేనటే ఆయన పేరు?"

"ఆయ్."

"ఇంత పొడుగుంటదా," అని మెల్లిగా కొంగు దానిమీదికి లాగింది.

"కొంగు తీయండి మామ్మా, పేరు కనబడాలి."

"అందరూ చూస్తన్నారే."

ఇక లాభం లేదని పక్కన నేల మీద కూలబడి, పలక అంచు పట్టుకుని కొంగు వెనక్కి లాగి ఉంచాను. ఈసారి మావయ్య నవ్వమనలేదు. మీట నొక్కాడు, అంతే.

మరుసటేడు మామ్మకు ఇల్లు వచ్చింది. అందులో ఆవిడ ఎనిమిదేళ్ళు ఉంది.

తరువాత చాలాకాలానికి, అమలాపురంలో పాత ఫోటోల ప్రదర్శన పెట్టారంటే మా అమ్మాయితో వెళ్ళాను. జనాన్ని రేవు దాటించే పంటు, టూరింగు టాకీసు, గడియార స్తంభం దగ్గర ఎడ్లబళ్ళు, పడిపోయిన కొబ్బరితోటలు, వాటి పక్కన మా మామ్మ. వెనక ఇల్లు నేలమట్టం, ముందు ఆవిడ తల వంచుకుని, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు సిగ్గుపడుతోంది. "ఇల్లు కూలితే ఈవిడ నవ్వుతదేంటే?" అంటోంది ఒక కాలేజీ పిల్ల. పలక మీద అక్షరాలు చక్కగా ఉన్నాయి. 'కొ'కు మాత్రం దీర్ఘం ఎక్కువైంది, 'ఏడుకోండలు'. ఇన్నేళ్ళూ ఎవరూ దిద్దలేదు.

"ఇందులో నేనున్నాను," అన్నాను మా అమ్మాయితో.

"ఎక్కడమ్మా?"

పలక అంచున, సుద్ద అంటిన రెండు వేళ్ళు చూపించాను. గట్టిగా పట్టుకున్నాయి. ఆ వేళ్ళ పిల్లకు రాత సరిగ్గా రాదు గానీ, పట్టు మాత్రం ఉందని నవ్వొచ్చింది.

సరే, పొద్దుపోతోంది, మీరూ ఇళ్ళకు చేరండి. మీ కప్పు మీద ఏ గాలీ చెయ్యి వెయ్యకూడదు. మీ ఇంట్లోవాళ్ళ పేర్లు మీ నోటినిండా, వాళ్ళు ఎదురుగా ఉండగానే, నూరేళ్ళు పలుకుతూ ఉండాలి.