గొలుసు చప్పుడున్న నిశ్శబ్దం

ఇది ఆరేళ్ల కిందటి సంగతి. అప్పుడే రాసి ఉండేదాన్ని, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. మా నాన్నకు బడి మీద కోపమేమీ లేదు. బడి గంట కొట్టే వేళకే ఇళ్లకు పాలు పోయాల్సి వచ్చేది, అంతే. పెళ్లయి పట్నంలో ఈ జహనుమా బస్తీకి వచ్చాక క్యాన్లు మారాయి గానీ ఆ వేళ మారలేదు. మొన్న టీవీలో ఒక పాత సీరియల్ మళ్లీ వేశారు. తల్లి ఏదో అడిగింది, కొడుకు జవాబు చెప్పడానికి కొంచెం ఆగాడు. ఆ ఆగిన చోట సన్నగా గొలుసు గలగలమంది. అది మా బర్రె గొలుసు. తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టి నోటుపుస్తకం తీశాను.

ఆ సీరియల్ వాళ్లు మా ఇల్లు రెండు రోజులకు అడిగారు. షాబాద్ బండలు, గోడలో గూళ్లు, గది ముందే బర్రెను కట్టే వాకిలి. పాతకాలపు ఇల్లు కావాలట. మాది పాతకాలపుదని అప్పటిదాకా మాకు తెలియదు. వాళ్ల మేనేజర్ కాగితం చదివి వినిపించాడు. ఇల్లు మా అత్త నా పేర పెట్టింది కాబట్టి వేలిముద్ర నేనే వేశాను. చదువులో మా ఆయనా నేనూ సమానమే. రెండు బర్రెలను గల్లీ చివర మా బావగారి కొట్టంలో కట్టేశాం. మూడోది ఈనడానికి దగ్గర పడింది, దాన్ని మాత్రం కదిలించలేదు. అంతకు ముందు ఈతలో, పక్కింట్లో పెళ్లి అని దాన్ని ఆటోల మధ్య నుంచి నడిపించుకుపోతే బెదిరి జారిపడింది. దూడ దక్కలేదు.

మొదటి సీన్ అయిపోగానే మేనేజర్ వాకిట్లోకి వచ్చి గుంజ నుంచి గొలుసు విప్పాడు. తెల్ల బూట్లు, నల్ల కళ్లద్దాలు.

"దీని లొల్లితోని సీన్ ఖరాబైతుంది. తోలుకపో అమ్మా."

"పోదు. ఇయ్యాల రేపు ఈనేటట్టుంది."

"షూటింగ్ టైంల పశువులు ఉండొద్దని కాగితంల రాసి లేదా? వేలిముద్ర ఎవరిది మరి?"

"నువ్వు చదివిననాడు ఆ ముక్క నేను ఇనలే."

"నీకు చదువొస్తదా? ఏం మాట్లాడుతున్నవ్?"

"చదువు రాదు. చెవులున్నయ్ బిడ్డా."

ఆయన గొలుసు లాగాడు. నేను గడపలో అడ్డంగా నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు గదిలోంచి సౌండ్ రికార్డు చేసే అబ్బాయి, అందరూ సౌండ్ భాయ్ అనేవాడు, అరిచాడు: "రూమ్ టోన్! సబ్ చుప్! జో జహాఁ హై, వహీఁచ్ ఖడే రహో!"

సీన్ అయ్యాక ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేస్తారట. మాటకూ మాటకూ మధ్య అతికించడానికి. సీన్‌లో ఎవరెవరు ఉన్నారో అందరూ ఉండాలి, ఎవరూ ఉన్నచోటి నుంచి కదలకూడదు. లైట్ల వాళ్లు లైట్ల దగ్గర, హీరో తల్లి మంచం మీద, నేను గడపలో, మేనేజర్ గొలుసు చేతిలో పట్టుకుని. ఫ్రిజ్ మూలుగు, ట్యాంకు నుంచి చుక్కలు, బర్రె నెమరు. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో తిరుగుతూ ఆ ఇంటిని నేను వినలేదు. ఇంతలో బర్రె, తొందరేమీ లేకుండా, ఆ తెల్ల బూట్ల మీద పేడ వేసింది.

"ఇంకోసారి," అన్నాడు సౌండ్ భాయ్.

మేనేజర్ ఇంకో నిమిషం అందులోనే నిలబడ్డాడు.

అయిపోగానే మళ్లీ గొలుసు లాగబోతే సౌండ్ భాయ్ బయటికొచ్చాడు. "అన్నా, పొద్దుటి సీన్‌ల అంతా దీని గొలుసు ఆవాజ్ ఉంది. ఇప్పుడు తీసేస్తే ముందు సీన్ ఒక ఇల్లు, తర్వాతి సీన్ ఒక ఇల్లు అయితది. ఉండనియ్."

నాకు అది చాలలేదు. బర్రె వాళ్ల సీన్ కోసం ఉండడం కాదు, నా ఇల్లు కాబట్టి ఉండాలి. గూట్లోంచి కాగితం తెచ్చి సౌండ్ భాయ్ చేతిలో పెట్టాను. "జర చదువు బిడ్డా. ఒక్క ముక్క ఇడవకు."

అందరి ముందూ మొత్తం చదివాడు. రెండు రోజులు, ముందు గది, వాకిలి, పగిలినవి బాగు చేసివ్వడం. బర్రె మాట లేదు. ఇంకోసారి చదవమన్నాను. రెండోసారీ లేదు.

మేనేజర్ బూట్లు కడుక్కోవడానికి నల్లా ఎక్కడని అడిగాడు. చూపించాను. గొలుసు నేనే గుంజకు తగిలించాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదివి చెప్పడానికి ఆ సౌండ్ అబ్బాయి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే?

తెల్లారి పాలు పిండి, పేడ ఎత్తే పని మా ఆయనకు అప్పజెప్పి, ఆ కాగితం పట్టుకుని వెనకింటి పంతులమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె పలక తీసి 'అ' రాయబోయింది. ముందు ఇందులో మొదటి అక్షరం ఏమిటో చెప్పమన్నాను. యాభై నాలుగేళ్లు ఎవరో చదివి చెబితే విన్నాను. మిగిలిన ఏళ్లు నేనే చదువుకుంటానన్నాను.